రెండువైపులా అడిగే మేడమ్

మొన్న ఆఫీసులో ఒక సర్వర్ పేరు కొడితే నంబరు సరిగ్గానే వచ్చింది. ఆ నంబరు తిప్పి కొడితే వేరే పేరు వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలిద్దరు పొద్దున్నుంచీ దాంతో కుస్తీ పడుతున్నారు. పేరుకి నంబరు వస్తోంది కదండీ, ఇంకేం కావాలి అన్నారు. "రెండువైపులా అడగాల" అన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. మా వైపు యాస నా నోట్లోంచి పోయి చాలా కాలమైంది. ఈ ఒక్క మాట మాత్రం ఆమె ఎట్లా అనేదో అట్లాగే వచ్చింది.

ఆమె అంటే నెల్లూరు జిల్లా ఆత్మకూరులో మాకు కంప్యూటర్ నేర్పిన మేడమ్. పేరు రాయను. ఆమె పేరు ఎక్కడుండాలి, ఎక్కడ లేకుండా పోయింది అన్నదే కథంతా. ఇప్పుడు నేను తీసుకొచ్చి ఇక్కడ అచ్చు వేస్తే ఆమెకి నచ్చదు.

తొంభైల చివర్లో సంగతి. ఆత్మకూరు బస్టాండుకి దగ్గర్లో ఒక పురుగుమందుల అంగడి, దాని మీద ఒక గది. ఆ గదే మా సెంటరు. పైకి పోవాలంటే అంగడి లోపలినుంచే మెట్లెక్కాలి. మెట్ల మొదట్లో కుర్చీ వేసుకుని అంగడి యజమాని కూర్చునేవాడు. ఆయన మేడమ్‌కి బావగారు, అంటే భర్తకి అన్న. ఎవరు ఎక్కినా దిగినా ఆయన మోకాళ్లు తప్పించుకునే పోవాలి. మేము దిగితే పట్టించుకునేవాడు కాదు. మేడమ్ దిగితే మాత్రం "ఏమ్మా, యాడికి?" అనేవాడు. గొంతులో కోపం ఉండేది కాదు, ప్రేమగానే అడిగేవాడు. ఆమె "సోడా తాగుదామని బావగారూ" అంటే, "నువ్వెందుకు దిగతావు, నేను పంపిస్తా గదా" అని సోడా పైకే పంపించేవాడు. ఆమె దాన్ని తాగకుండా కిటికీలో పెట్టేది.

ఆ కిటికీకి ఇనప జల్లెడ కొట్టి ఉండేది. పురుగుమందుల వాసన మాత్రం ఏ అడ్డూ లేకుండా పైకి వచ్చేది. మధ్యాహ్నం కరెంటు పోతే ఫ్యాను ఆగి, ఆ వాసన గదిలో కూర్చునేది. మేము పుస్తకాలతో విసురుకుంటూ ఉంటే ఆమె జల్లెడకి మొహం ఆనించి నిలబడేది. మద్రాసు బస్సు హారను కొడితే తల కొంచెం అటు తిరిగేది. బస్సు పోయాక చెంప మీద జల్లెడ అచ్చు ఎర్రగా కనపడేది. శాంతకుమారి అని నాతో చదివే అమ్మాయి వింజమూరు నుంచి వచ్చేది, నోరు గల పిల్ల. "మేడమ్, మొహం మీద గళ్లు పడినాయి" అనేది. "పడనీలే, గళ్ల కాయితం మీద అంకెలు బాగా కుదురుతాయి" అనేది ఆమె, చెంప తుడుచుకుంటూ.

ఆమె పుట్టింది ఉదయగిరిలో. చదువయ్యాక మద్రాసులో ఒక కంపెనీలో పనిచేసింది. పెళ్లికని సెలవు పెట్టి ఆత్మకూరు వచ్చింది. పెళ్లయ్యాక ఆడబిడ్డ పెళ్లి కానిచ్చి పోదువులే అన్నారు. అది అయ్యాక మామగారి కంటి ఆపరేషన్ కానీ అన్నారు. తరవాత ఎండలు తగ్గనీ అన్నారు. భర్త గవర్నమెంటు స్కూల్లో టీచరు, మేము సార్ అనేవాళ్లం. మంచివాడే. ఏది అడిగినా "చూద్దాంలే" అనే మనిషి. ఈ ఇంట్లో కోడలు దిగులుగా ఉందని కనిపెట్టింది బావగారే. "ఉద్యోగమే గదా నీకు కావాల్సింది, మనింట్లోనే చేసుకో" అని మూడు కంప్యూటర్లు కొని మేడ మీద సెంటరు పెట్టించాడు. ఊరంతా ఆయన్ని మెచ్చుకుంది. కోడలికి అంత చేసే ఇల్లు ఎక్కడుంది అన్నారు. మా నాయన కూడా అన్నాడు. ఆ మంచితనంలోంచి ఆమె ఎట్లా బయటపడాలో ఎవరూ చెప్పలేదు.

మిగతా సెంటర్లలో టైపింగు, అకౌంట్లు నేర్పేవాళ్లు. ఈమె అవి నేర్పుతూనే సాయంత్రం బ్యాచికి పెర్ల్ నేర్పేది. రాసిన వెంటనే నడిపి చూసుకోగల చిన్న చిన్న ప్రోగ్రాముల భాష అది. అందులో ఆమెకి ప్రాణమైన పాఠం ఒకటే, పేర్లూ నంబర్లూ వెతకడం. తీగతో కలిపిన ప్రతి మిషన్‌కీ ఒక పేరుంటుంది, ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరే దాని అడ్రసు. పేరిచ్చి నంబరు అడగొచ్చు. నంబరిచ్చి పేరూ అడగొచ్చు. మా మూడు మిషన్లకి ఆమె పేర్లు పెట్టింది: వింజమూరు, మర్రిపాడు, వరికుంటపాడు. మాది మర్రిపాడు దగ్గర పల్లె. నా ఖర్మకి ఆ మిషనే పదే పదే మొరాయించేది. "మర్రిపాడు పలకడంలా మేడమ్" అని శాంతకుమారి అరిస్తే, "ఈ ఎండకి మర్రిపాడులో ఎవురు పలుకుతారే, గొర్రెలు తప్ప" అనేది ఆమె. నాకు రోషం వచ్చేది. మా వింజమూరు చూడు ఎట్టా పలుకుతుందో అని శాంతకుమారి ఎగిరేది.

పేరిస్తే వచ్చే నంబరు మొదట చదవడానికి రాదు. నాలుగు గింజలు మూటగట్టినట్టు వస్తుంది. దాన్ని అట్లాగే తెర మీద వేస్తే పిచ్చి గీతలు కనపడతాయి. ఒక్కోసారి మిషన్ కుయ్యిమంటుంది కూడా. అందరం మొదటి రోజు ఆ తప్పే చేశాం. "మూట విప్పకుండా పంచితే ఏం తింటారు?" అని, విప్పే పద్ధతి చూపించింది. విప్పితే మధ్యలో చుక్కలతో నాలుగు సంఖ్యలు వరసగా వచ్చాయి. చప్పట్లు కొట్టినంత పని చేశాం.

మా మూడూ తప్ప బయటి పేరు అడిగితే మాత్రం మిషన్ బిగుసుకుపోయేది. బయటికి తీగ లేదు కదా. తెర మీద గీత ఆడుతూ ఉండేది, జవాబు వచ్చేది కాదు. చాలా సేపటికి ఖాళీ చేతులతో తిరిగొచ్చేది. తెలియదని కూడా చెప్పేది కాదు. ఆమె అప్పుడప్పుడూ కావాలనే ఒక బయటి పేరు కొట్టి, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడేది. "ఏంది మేడమ్ ఇది, చెడిపోయిందా?" అని అడిగాను ఒకసారి. "చెడిపోలేదు. అడగతా ఉండాది. వినేవాళ్లు లేరు. కాసేపు చూసి అదే వచ్చేస్తాది" అంది. నాకు ఆ కాసేపు చాలా కష్టంగా ఉండేది. ఆపెయ్యండి మేడమ్ అనేదాన్ని.

ఇక ఆమె మాట. "రెండువైపులా అడగాల." పేర్ల పట్టీ ఒకచోట ఉంటుంది, నంబర్ల పట్టీ వేరేచోట ఉంటుంది. ఒకదాంట్లో మార్చినవాడు రెండోదాంట్లో మార్చడం మరిచిపోవచ్చు. పేరడిగితే నంబరు వచ్చిందని సంబరపడొద్దు. ఆ నంబరుని పట్టుకుని నీ పేరేంది అని అడగాల. అదే పేరు తిరిగొస్తేనే నమ్మాల. ఇది పాఠంలో చెప్పి ఊరుకునే రకం కాదు ఆమె. ఇంట్లోవాళ్లతో బజారుకి పోయినప్పుడు, కంది పప్పు ఇది కొత్తదే అని అంగడివాడు అంటే, పాతది ఏదో చూపించమనేది. రోడ్డు మీద ఈ బస్సు ఉదయగిరి పోతుందా అని కండక్టరుని అడిగి, ఎక్కి కూర్చున్న ముసలమ్మని "అవ్వా, యాడికి పోతా ఉండావు?" అని అడిగేది. కండక్టరు తిట్టుకునేవాడు.

నాకు అప్పుడు ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి నెల్లూరులో బ్యాంకులో పని అని మధ్యవర్తి చెప్పాడు. మా ఇంట్లో అందరూ మురిసిపోయారు. మేడమ్‌కి చెబితే, "అబ్బాయిని అడిగితే బ్యాంకు పేరు చెప్పినాడు సరే. బ్యాంకుని అడిగినారా, ఆ పేరు మనిషి మీ దగ్గర ఉండాడా అని?" అంది. నేను ఇంటికొచ్చి అదే అన్నాను. నాయన గొణుక్కుంటూ నెల్లూరు పోయి వచ్చాడు. ఆ బ్యాంకులో ఆ పేరు మనిషి లేడు. నాయన ఆ వారం సెంటరుకి వచ్చి ఆమెకి రెండు చేతులా దండం పెట్టాడు. బావగారు కింద కూర్చుని గర్వంగా మీసం దువ్వుకున్నాడు.

మూడు మిషన్లకి మూడు పేర్లు పెట్టారు, మీ ఊరి పేరు ఎందుకు పెట్టుకోలేదు అని అడిగాను. అప్పుడు చెప్పింది మద్రాసు ఆఫీసు ఆచారం. అక్కడ కొత్తగా చేరినవాళ్లు తమ మిషన్‌కి ఒక కొండ పేరు ఎంచుకోవాలి. ఎవరి వైపు కొండ వాళ్లది. ఈమె ఉదయగిరి అని పెట్టుకుంది. మనిషి మానేసి పోతే ఆ కొండ పేరు తీసేస్తారు. ఆ నంబరు తరవాత వచ్చినవాళ్లకి ఇస్తారు. వాళ్లు తమ కొండ పేరు పెట్టుకుంటారు. "నా కొండ ఇంకా ఆడే ఉండాది" అనేది. ఆ నంబరు ఆమెకి నోటికి వచ్చు. బోర్డు మీద ఉదాహరణకి ఏ నంబరు రాయాలన్నా చెయ్యి దానంతటదే ఆ నంబరు రాసేది.

ఆ సీటు ఇంకా ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదా అంటారు. చేసింది. ఫోన్ కింద అంగట్లో, బావగారి మోచేతి పక్కన ఉండేది. మేనేజరు మీటింగులో ఉన్నాడనేవాళ్లు. మీ సంగతి చూస్తున్నాం, చెబుతాం అనేవాళ్లు. "మనుషుల్ని అడిగితే మర్యాదకి ఒకటి చెప్తారు. మిషన్‌కి మొహమాటం లేదు" అని ఆమె అడగడం మానేసింది.

ఒక సాయంత్రం మేము మెట్లు దిగుతుంటే అంగట్లో అన్నదమ్ముల మధ్య ఆ మద్రాసు ఉద్యోగం మాటే నడుస్తోంది. మేడమ్ మా వెనకే ఉంది. బావగారు అంటున్నాడు, "అసలా సీటు ఉండాదో లేదో! వాళ్లేమన్నా ఈమె కోసం కాచుక్కూచోనుంటారా?" సార్ తల వంచుకుని, "ఉండాదని తేలితే సెలవలు కాంగానే పంపిద్దాంలే అన్నా. నేను మాటిచ్చినాను" అన్నాడు. ఆయన నోట అంత పెద్ద మాట మేమెవరం వినలేదు. బావగారు "సరే. ఉండాదని చూపిస్తే నేనే బస్సెక్కిస్తా" అన్నాడు. మేడమ్ మెట్టు మీదే ఆగిపోయి గోడ పట్టుకుంది. బస్సులో ఇంటికి పోతూ నేను మొక్కుకున్నాను. శాంతకుమారి వాళ్ల చర్చిలో ప్రార్థన చేయించిందట.

తరవాత కొన్నాళ్లకి మా సెంటరుకి తీగ వచ్చింది. ఇంటర్నెట్ ఉండాదని బోర్డు రాయిస్తే పిల్లలు బాగా చేరతారని ఎవరో చెప్పారు బావగారికి. కింది ఫోన్ నుంచి పైకి ఒక వైరు లాగించి మోడెం పెట్టించాడు. మొదటి రోజు చూడ్డానికి ఆయనే పైకి వచ్చాడు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి ఆయాసపడుతూ కుర్చీలో కూర్చున్నాడు. సార్ స్కూల్ నుంచి నేరుగా వచ్చాడు. మేము గోడవారగా నిలబడ్డాం. మేడమ్ ఆ రోజు మంచి చీర కట్టుకుంది.

మోడెం కీచుమంది, గరగరమంది, లైను తెగింది. మళ్లీ కలిపితే కలిసింది. నిలబడింది. ఆమె వెబ్ పేజీ ఏదీ తెరవలేదు. మాకు నేర్పిన ఆ నాలుగు వరసల ప్రోగ్రామే తెరిచి, ఉదయగిరి అని కొట్టింది, వెనక చుక్క పెట్టి కంపెనీ పేరు కొట్టింది. తెర మీద గీత ఆడుతోంది. ఇన్నాళ్లూ ఖాళీ చేతులతో వచ్చిన గీత అది. నేను శాంతకుమారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

నంబరు వచ్చింది. బోర్డు మీద ఇన్నాళ్లుగా రాస్తున్న నంబరే.  ఆమె వేలితో తెర మీద చూపించింది. సార్ వంగి చూసి, "అంటే ఉండాదన్న మాటేనా?" అన్నాడు. మేడమ్ తలూపింది. సార్ మొహం చిన్నపిల్లాడిలా విచ్చుకుంది. "అన్నా, ఉండాదంట" అన్నాడు. బావగారు తెరనీ ఆమెనీ చూశాడు. ఆయనకి బాధగానే ఉంది, దాచుకోలేదు. కానీ మాట తప్పే మనిషి కాదు. "సరేమ్మా. ఉండాదంటే పొయ్‌రా మరి" అన్నాడు.

అయిపోయింది. తలుపు తెరుచుకుంది. ఆ గదిలో రెండోవైపు సంగతి తెలిసినవాళ్లం మేము మాత్రమే. అన్నదమ్ములకి తెలియదు. శాంతకుమారి నోరు తెరవబోయింది. నేను చెయ్యి నొక్కాను. ఎప్పుడూ ఆగని ఆ పిల్ల ఆగింది. వెనక నిలబడ్డవాళ్లు నేల చూపులు చూశారు. ఎవరం మాట్లాడలేదు. మేడమ్ వెనక్కి తిరిగి మా మొహాలు ఒక్కొక్కటిగా చూసింది. నా మొహం కూడా చూసింది. వద్దు మేడమ్ అని నేను కళ్లతోనే బతిమాలాను.

ఆమె మళ్లీ తెర వైపు తిరిగింది. రెండో ప్రోగ్రాము తెరిచి ఆ నంబరు కొట్టింది. ఈసారి జవాబు తొందరగా వచ్చింది. కొల్లిమలై అని, అరవదేశం కొండ పేరు వచ్చింది.

"ఇదేంది?" అన్నాడు సార్.

ఆమె లేచి నిలబడింది. చాక్‌పీసు తీసుకుని బోర్డు దగ్గరికి పోయింది. రోజూ పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది. "పేర్ల పట్టీలో పాత పేరు తీసెయ్యడం మరిచిపోయినారు. నంబరు వేరేవాళ్లకి ఇచ్చేసినారు. వాళ్లు వాళ్ల కొండ పేరు పెట్టుకున్నారు. అందుకే రెండువైపులా అడగాలనేది. రాసుకోండి." మేము పుస్తకాలు తెరిచి రాసుకున్నాం. నా అక్షరాలు నాకే కనపడలేదు. రాయడం అయ్యాక బోర్డు మీద నంబరు ఆమె చేత్తోనే తుడిచేసింది. ఆ తరవాత ఏ పాఠంలోనూ ఆ నంబరు రాయలేదు.

బావగారు పాపం సంతోషపడలేదు. "పోన్లేమ్మా, ఇక్కడ నీకేం తక్కువ చేసినాం" అని, కిందికి పోయి అందరికీ కూల్‌డ్రింకులు పంపించాడు. మేడమ్ తనది కిటికీలో పెట్టింది. సార్ స్కూల్ సంచి భుజాన వేసుకుని దిగిపోయాడు.

నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. సీటు లేకపోతే పోయె. ఒకసారి మద్రాసులో దిగితే ఆమెలాంటి మనిషికి ఇంకో సీటు దొరకదా? ఇంకో కొండ పేరు పెట్టుకోలేదా? తెరిచిన తలుపుని తన చేత్తోనే మూసుకుంది. నేర్పిన పాఠం ఇంత పట్టుకుని కూర్చోవాలా అని బస్సులో ఏడ్చాను.

కోర్సు అయ్యి, నాకు నెల్లూరులో పని దొరికాక, ఒక పండగ సెలవుకి ఆత్మకూరు బస్టాండులో ఆమె కనపడింది. ఉదయగిరి నుంచి పుట్టింటివాళ్లెవరో వస్తున్నారట, ఎదురు వచ్చింది. తన అంగట్లో పనిచేసే మనిషిని తోడు పంపించాడు బావగారు. అతను కొంచెం దూరంగా చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాడు. నాకు ఉద్యోగం వచ్చిందని చెబితే నా బుగ్గ గిల్లింది. నేను ఆపుకోలేక అడిగేశాను.

"ఆ రోజు రెండోసారి ఎందుకు కొట్టినారు మేడమ్? ఊరుకునుంటే పొయ్యేవాళ్లు గదా!"

ఆమె బస్సు వచ్చే దోవ వైపు చూస్తూ చెప్పింది. "ఊరుకుందామనే అనుకుంటిని. మీ వైపు తిరిగి చూసినాను. ఒక్కరన్నా అడుగుతారనుకుంటి. శాంతకుమారి అన్నా అడగతాదనుకుంటి. ఒక్కరూ అడగలా. నేను పోవాలని మీరంతా నోరు మూసుకోనుండారు. ఎంత ప్రేమగా మూసుకోనుండారే! నాకు మా బావగారు గుర్తొచ్చినాడు. ఇంక నా వల్ల కాలా."

 ఉదయగిరి బస్సు వచ్చింది. ఆమె గబగబా ముందుకు పోయి కండక్టరుని అడిగింది, ఉదయగిరి నుంచేనా అని. తరవాత దిగుతున్న మనిషిని అడిగింది, యాడ ఎక్కినారు అని. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

తరవాత నేను మా వైపు పోవడం తగ్గిపోయింది. ఆ మధ్య శాంతకుమారి తమ్ముడు నెల్లూరులో కనపడి, మేడమ్ చివరికి మద్రాసు వెళ్లిపోయిందనీ, అక్కడే ఎక్కడో పనిచేస్తోందనీ చెప్పాడు. ఎవరు చెప్పారు అంటే ఎవరో అనుకుంటుంటే విన్నానన్నాడు. ఆ రోజంతా నాకు ఆకలి కాలేదు, అంత సంతోషం. పురుగుమందుల అంగడి నంబరు నా దగ్గర ఇంకా ఉంది. ఒక్క ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో, మేడ మీద ఆమె ఇంకా ఉందో లేదో తేలిపోతుంది. ఆఫీసులో పిల్లలకి రోజూ రెండువైపులా అడగాలని చెబుతూనే ఉన్నాను. ఆ ఫోన్ మాత్రం ఇంతవరకు చెయ్యలేదు.